కాపలా కూలి ఎవరిస్తే కాపలా వారిదే

పుంగనూరుకు కొద్ది దూరంలో ఒక దళితవాడ. పేరు రాయను. రాస్తే ఇబ్బంది పడేది అక్కడి ఆడవాళ్లే. రోడ్డు మీద బస్సు దిగి వాడకు చేరాలంటే మామిడి తోపు పక్కనుంచి చీకటి దారిలో నడవాలి. పనికి వెళ్లి పొద్దుపోయాక తిరిగొచ్చే ఆడవాళ్లను ఆ దారిలో ఆకతాయిలు అటకాయించడం మొదలైంది. రెండుసార్లు స్టేషన్‌కు వెళ్లి ఫలితం లేక, తొమ్మిది మంది స్త్రీలు తామే ఒక బృందంగా ఏర్పడ్డారు. ఆఖరి బస్సు వేళకు ఇద్దరిద్దరు చొప్పున రోడ్డు దాకా వెళ్లి, దిగినవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్ల దగ్గరున్నవి రెండు టార్చిలైట్లు, ఒక విజిల్, ఒక ఫోను. వారిలో ఒకామె నా విద్యార్థి తల్లి.

దారిలో రెండు దీపాలు, ఫోనుకు రీచార్జి, అవసరమైన రాత్రి స్టేషన్‌కు వెళ్లడానికి ఆటో కిరాయి. వారికి కావలసిన నిధి అంతే. ఊళ్లోని ఒక పెద్దమనిషిని అడిగారు. ఆయన కాదనలేదు. దీపాలెందుకు, ఏకంగా సీసీ కెమెరానే పెట్టిస్తానన్నాడు, పెట్టించాడు. ఊరి కూడలిలో స్తంభానికి బిగించిన ఆ కెమెరా ముఖం వాడ నుంచి ఊళ్లోకి వచ్చే దారివైపు ఉంది. తోపు పక్క దారి మాత్రం చీకట్లోనే మిగిలింది. నేను వెళ్లినప్పుడు ఆమె అన్న మాట ఒక్కటే: ‘‘దీపం అడిగితే మా మింద కన్ను పెట్టినారు సార్.’’

పౌరులే తమ వీధులను కాపాడుకునే బృందాల గురించి, వాటికి నిధులు సమకూర్చడం గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా అది చందాల దగ్గర, దాతల దగ్గర ఆగిపోతుంది. ఎంత డబ్బు వచ్చిందని అడుగుతాం గానీ, ఎవరి దగ్గర నుంచి వచ్చిందని అడగం. కులం గీసిన గీతల మీద నిలబడిన ఊళ్లలో రెండో ప్రశ్నే మొదట అడగాలి. కాపలాకు ఖర్చు పెట్టినవాడే ఎవరిని కాపాడాలో, ఎవరిని అనుమానించాలో నిర్ణయిస్తాడు.

కళ్లం దగ్గరి మేర

ఇది ఈ ప్రాంతానికి కొత్త పాఠం కాదు. పుంగనూరు, కుప్పం పక్కనున్న కంగుంది సంస్థానాలుగా ఉన్న నేల ఇది. పాలెగాళ్ల కాలంలో ఊళ్లకు కాపలా కాసే బాధ్యత పేరుతో ‘కావలి’ రుసుము వసూలయ్యేది. రుసుము చెల్లించని ఊరికి కాపలాదారే దొంగగా మారేవాడని దక్షిణాది గురించి కంపెనీ అధికారులు రాసుకున్న పత్రాలు చెబుతాయి. 1801లో కర్ణాటక ప్రాంతం కంపెనీ చేతిలోకి వెళ్లాక పాలెగాళ్ల కావలి హక్కులు క్రమంగా రద్దయ్యాయి. ఊరి లోపలి కాపలా మాత్రం తలారి, వెట్టి వంటి గ్రామ సేవకుల భుజాల మీదే కొనసాగింది.

ఆ సేవకులకు కూలి ఎక్కడ ముట్టేది? కొంత మాన్యం రూపంలో, మరికొంత కళ్లం దగ్గర రైతు కొలిచి ఇచ్చే మేర రూపంలో. వెట్టివాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు. రాత్రంతా పంటకు కాపలా కాసింది, చావు కబురు మోసింది, అధికారి వస్తే ముందు పరుగెత్తింది వాళ్లే. అయినా వాళ్లు కాపాడింది తమ గుడిసెలను కాదు, మేర కొలిచినవారి గాదెలను. గుడిసె తగలబడితే కాపలా కాయమని వాళ్లు ఎవరినీ అడగలేకపోయారు, ఎందుకంటే వాళ్లు కొలవగలిగిన మేర ఏదీ లేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య అధికారం పోయింది గానీ, కాపలా అంటే ఆస్తిపరుడికి అందే సేవ అన్న భావన పోలేదు.

మరో వైపు, ఎవరి మీద కాపలా కాయాలో కూడా చట్టమే చెప్పిన రోజులున్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక, ఎరుకల వంటి సమూహాలు పుట్టుకతోనే అనుమానితులయ్యాయి. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె వైపు చూస్తారో రాయలసీమలో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. ఇలాంటి జ్ఞాపకమున్న సమాజంలో ‘నేర నిరోధక బృందం’ అన్న మాట అందరి చెవిలో ఒకేలా మోగదు. ఊరి చెవికి అది భరోసా. వాడ చెవికి, సంచార కులాల చెవికి అది బెదిరింపు కావచ్చు.

కళ్లు లేక కాదు

2025 జూన్‌లో కుప్పం మండలం నారాయణపురంలో, భర్త చేసిన అప్పు తీర్చలేదని ఒక మహిళను చెట్టుకు కట్టేశారు. ఆ దృశ్యం ఫోన్లలో పాకిన తర్వాత రాష్ట్రమంతా స్పందించింది, అరెస్టులు జరిగాయి. అది చీకటి దారిలో జరిగిన నేరం కాదు. పట్టపగలు, నలుగురూ తిరిగే చోట జరిగింది. చూసిన కళ్లకు కొదవ లేదు, ఫోను కెమెరా కూడా ఉంది. లేనిదల్లా ముందుకు వెళ్లి కట్లు విప్పితే తన బతుకుకు ఏమీ కాదన్న ధీమా. అప్పు ఇచ్చేవాడు, పని ఇచ్చేవాడు, పొలానికి నీళ్లు వదిలేవాడు ఒకే వర్గానికి చెందినవారైన చోట అడ్డుకోవడానికి తెగువ ఒక్కటే చాలదు, ఆధారం కావాలి. ఆ ఆధారమే నిధి.

నిఘాను నిధిగా పొరబడటం మన కాలపు ప్రధాన దోషం. హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో వ్యాపారులు, కాలనీవాసుల విరాళాలతో సీసీ కెమెరాల వల విస్తరించింది. ఆ నమూనా జిల్లాలకూ పాకింది. కెమెరాల వల్ల కొన్ని నేరాల దర్యాప్తు సులువైన మాట నిజం. కానీ విరాళం మీద నడిచే నిఘా విరాళం ఇవ్వగలిగిన వీధి దగ్గరే ఆగుతుంది. మదనపల్లెలో నగల దుకాణాల వీధికి కెమెరాలు తేలిగ్గా వస్తాయి. తెల్లవారకముందే టమోటా మార్కెట్‌కు బుట్టలెత్తడానికి వెళ్లే కూలీ మహిళ నడిచే దారికి రావు. కుప్పం నుంచి బెంగళూరుకు రైలెక్కి కూలికి వెళ్లి, రాత్రి తిరిగొచ్చేవాళ్లు దిగే చోటు నుంచి వాళ్ల పల్లెదాకా ఎవరి విరాళమూ చేరదు.

సాయుధమైన ఉత్సాహం ఇంకా ప్రమాదకరం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులతో తెలుగు రాష్ట్రాల్లో, పక్కనున్న తమిళనాడులో అమాయకులను కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బలైంది. రాత్రిళ్లు కర్రలు పట్టుకుని తిరిగిన గుంపులు తమను తాము ఊరి రక్షకులమనే అనుకున్నాయి. అదే ఏడాది జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి నోడల్ అధికారి ఉండాలని ఆదేశించవలసి వచ్చింది. అమెరికాలోని ఫ్లోరిడాలో 2012 ఫిబ్రవరిలో నల్లజాతి బాలుడు ట్రేవాన్ మార్టిన్‌ను కాల్చి చంపింది కూడా వీధి కాపలా స్వచ్ఛంద సేవకుడే. జాతి అయినా కులమైనా, అనుమానానికి ముందే ఒక ముఖం సిద్ధంగా ఉన్న సమాజంలో అదుపులేని కాపలా ఆ ముఖం మీదే విరుచుకుపడుతుంది.

పోలీసు స్టేషన్‌కు అనుబంధంగా నడిపితే సమస్య తీరుతుందా? కుప్పం సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ 1993లో రామనాథపురంలో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ మంచి ఉద్దేశంతోనే పుట్టింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళం లాకప్ మరణాల తర్వాత ఆ సేవకుల పాత్ర మీద ఆరోపణలు రావడంతో ప్రభుత్వమే దాన్ని నిషేధించింది. మన రాష్ట్రంలో మైత్రి సంఘాలు, శాంతి కమిటీలు వచ్చాయి. చాలాచోట్ల వాటిలో కుర్చీలు ఊరి పెద్దమనుషులకే దక్కాయి. వివాదం వస్తే ‘రాజీ’ కుదిర్చింది వాళ్లే. రాజీ అంటే ఎవరు తగ్గాలో మనకు తెలుసు.

గాయానికి ధర, నివారణకు సున్నా

అలాంటప్పుడు నిధి ఎక్కడిది? కొత్తగా ఎవరినీ యాచించనక్కర్లేదు. చట్టంలో ఇప్పటికే చోటుంది.

కారంచేడు (1985), నీరుకొండ (1987) నెత్తుటి నేపథ్యంలో 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. పేరులోనే ‘నిరోధం’ ఉన్న చట్టమిది. దాని కింద 1995లో రూపొందిన నియమాల్లో మూడో నియమం పూర్తిగా ముందుజాగ్రత్త చర్యల గురించే. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను గుర్తించాలి. కలెక్టర్, ఎస్పీ అక్కడికి వెళ్లి పరిస్థితిని సమీక్షించాలి. అవగాహన కేంద్రాలు నెలకొల్పాలి. ఆ కేంద్రాలను నడిపే స్వచ్ఛంద సంస్థలను ప్రోత్సహించి, వాటికి ఆర్థిక సహాయం అందించాలి. మన ప్రశ్నకు జవాబు ఆ చివరి మాటలోనే ఉంది. వాడ స్థాయిలో పనిచేసే రక్షణ బృందానికి ప్రభుత్వ ధనం ఇవ్వడం దయ కాదు, నియమం చెప్పిన పని. చట్టం అమలుకయ్యే ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించే పథకం కూడా ఉంది.

ఆచరణలో డబ్బు ఎటు పోతోంది? 2016లో సవరించిన నియమాల ప్రకారం బాధితులకు నేరాన్ని బట్టి రూ.85 వేల నుంచి రూ.8.25 లక్షల వరకు పరిహారం ఉంది. అది బాధితుల హక్కు, అందులో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. కానీ ఏ గాయానికి ఎంతో పట్టిక వేసిన ప్రభుత్వం, ఆ గాయం తగలకుండా అడ్డుపడే చేతికి ఎంతో ఎక్కడా రాయలేదు. పట్టిక ఉన్న పద్దుకు బిల్లు పెడతారు. పట్టిక లేని పద్దు ఏటా కాగితం మీదే మురిగిపోతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఎస్సీలపై నేరాలు 2021లో 50,900, 2022లో 57,582. ఏడాదికేడాది పెరుగుతున్న ఆ అంకె నివారణ పద్దు ఖాళీగా ఉందని చెప్పే సాక్ష్యం కూడా.

రెండో ఆధారం ఉప ప్రణాళిక చట్టం. ఉద్యమాల ఒత్తిడితో 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ చట్టం గడువును 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు. దళితుల జనాభా నిష్పత్తి మేరకు నిధులు కేటాయించాలన్న మాట అందరికీ తెలుసు. ఆ చట్టం తన లక్ష్యాల్లో ఆర్థిక, విద్యా అభివృద్ధితో పాటు భద్రతను, సామాజిక గౌరవాన్ని కూడా స్పష్టంగా చేర్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. రోడ్లకు, భవనాలకు, సాధారణ పథకాలకు ఉప ప్రణాళిక నిధులు మళ్లించారన్న ఆరోపణలు ప్రతి ప్రభుత్వం మీదా వచ్చాయి. భద్రత కోసమని ఒక్క పద్దు తెరవమని అడిగినవారు మాత్రం తక్కువ. వాడకు వెళ్లే చీకటి దారిలో దీపం, ఆ దారిలో తోడు నడిచే స్త్రీకి గౌరవ వేతనం, దళితవాడకు నేరుగా అందే ప్రయోజనం కాకపోతే మరేమిటి?

మూడోది పంచాయతీ. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టుబడినవి. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ నిర్వహణకు కాకుండా స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నది షరతు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల సంక్షేమం ఒక అంశంగా ఉండనే ఉంది. అంటే వీధి దీపాల వంటి అవసరాలను గ్రామసభలో తీర్మానించి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పించవచ్చు. ఎంపీ నిధుల్లో 15 శాతం ఎస్సీలు నివసించే ప్రాంతాలకు ఖర్చు చేయాలన్న నిబంధన కూడా ఉంది. జీతాలకు పనికిరాని ఈ నిధులను దీపాలకు, దారులకు వాడాలి. మనుషుల గౌరవ వేతనానికి ఉప ప్రణాళిక పద్దును, 1995 నియమాల పద్దును అడగాలి. ఏ డబ్బు దేనికి చెల్లుతుందో తెలియక దరఖాస్తు పెట్టినప్పుడే అధికారి చేతికి తిరస్కరించే సాకు దొరుకుతుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఉన్నాయి కదా అని నా విద్యార్థులు అడుగుతుంటారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన సంస్థలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. వెనుకబడిన సమూహాలు ఎదుర్కొనే అసమానతలను తగ్గించే పనులు ఏడో షెడ్యూలులో ఉన్నాయి. కాబట్టి ఆ తలుపు తట్టడం తప్పు కాదు. అయితే అది బృందం చేతికి కాకుండా జిల్లా స్థాయి ఉమ్మడి నిధికి చేరాలి. దాత పేరున్న బోర్డు వాడ ముఖద్వారంలో వెలిసిన రోజున, ఆ దాత మనిషి మీద ఫిర్యాదు రాసే చెయ్యి వణుకుతుంది.

ఏ షరతుల మీద

డబ్బు ప్రభుత్వానిదైనంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు. నాలుగు షరతులు అవసరం.

మొదటిది సభ్యత్వం. ఎవరి భద్రత ప్రశ్నార్థకంగా ఉందో వారే బృందంలో అధికంగా ఉండాలి. దళిత, ఆదివాసీ, సంచార కులాల, ముస్లిం, వెనుకబడిన వర్గాల స్త్రీల చేతిలో నాయకత్వం ఉండాలి. ఊరి పెద్దమనుషులకు వేరే వేదికలు చాలా ఉన్నాయి.

రెండోది పని హద్దు. ఈ బృందం కర్ర పట్టదు, యూనిఫాం వేయదు, ఎవరినీ సోదా చేయదు. తన కళ్ల ముందు బెయిలుకు వీల్లేని తీవ్ర నేరం జరిగితే పట్టుకునే అధికారం సాధారణ పౌరుడికి కూడా చట్టం ఇచ్చింది. కానీ పట్టుకున్న మనిషిని ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. బృందం నిత్యం చేయవలసింది పట్టుకోవడం కాదు. తోడు నడవడం, నమోదు చేయడం, ఫిర్యాదుదారు వెంట స్టేషన్‌కు వెళ్లడం, సాక్షి పక్కన కోర్టులో కూర్చోవడం. బాధితులు స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సహాయం తీసుకోవడం తమ హక్కని 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15ఎ సెక్షన్ స్పష్టం చేసింది. చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన హత్యాకాండకు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. అన్నేళ్లపాటు సాక్షులు నిలబడింది ప్రభుత్వ భత్యాల వల్ల కాదు, తోటివారి తోడు వల్ల. ఆ తోడుకు ఒక పద్దు ఉండాలన్నదే ఇక్కడి వాదన.

మూడోది లెక్క. ప్రతి మూడు నెలలకూ జమాఖర్చులు గ్రామసభలో చదవాలి. దీపానికి ఎంత, ఆటోకు ఎంత, ఎవరికి ఎంత ముట్టిందో వాడ గోడ మీద రాయాలి. దాతకు భయపడని బృందం ప్రజలకు జవాబు చెప్పాలి.

నాలుగోది పైకి దారి. బృందం రాసుకున్న రిజిస్టరు స్టేషన్ బల్ల మీద ఆగిపోకూడదు. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశమై తీరాలని 17వ నియమం అంటోంది. డివిజన్ స్థాయిలోనూ అలాంటి కమిటీ ఉండాలి. మదనపల్లె, కుప్పం రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో మదనపల్లె ఒక జిల్లాకు, కుప్పం మరో జిల్లాకు వెళ్లాయి. పరిపాలన సరిహద్దులు మారినా కమిటీ బాధ్యత మారదు. నెలాఖరున పల్లెల్లో జరిపే పౌర హక్కుల దినాన్ని ఫొటోల తంతుగా ముగించకుండా ఆ రిజిస్టరు చదివే రోజుగా మార్చవచ్చు. దానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. రక్షణ ప్రభుత్వ బాధ్యత, దాన్ని పేద స్త్రీల భుజాన వేస్తారా అని కొందరు మిత్రులు అంటారు. సబబైన ప్రశ్నే. కానీ ఆ భారం ఇప్పటికే వాళ్ల భుజాన ఉంది. కూలి లేకుండా, గుర్తింపు లేకుండా, భయంతో మోస్తున్నారు. గ్రామ సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి ఉన్నా, ఆమె పగటి పని ముగించుకుని వెళ్లాకే ఆఖరి బస్సు వస్తుంది. పోలీసుల స్థానంలో ఈ బృందాలను నిలపమని ఎవరూ అనడం లేదు. పోలీసులు తమ పని తాము చేసేలా ఒత్తిడి పెట్టగల శక్తిని వాటికి ఇవ్వమంటున్నాం. విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగిని శిక్షించే నాలుగో సెక్షన్ చట్టంలో ఉంది. దాన్ని కదిలించాలంటే ఏ తేదీన, ఏ వేళకు, ఎవరు ఫిర్యాదు చేశారో రాసిపెట్టిన నోటు పుస్తకం ఒకటుండాలి.

విద్యార్థులకు ఒక మాట. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో చదువుకుంటున్న మీరు సెమినార్లలో అంబేడ్కర్‌ను చదువుతున్నారు. మీ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఎప్పుడైనా చదివారా? వచ్చే గ్రామసభకు వెళ్లండి. మీ వాడకు వెళ్లే దారిలో ఎన్ని స్తంభాలకు దీపాలున్నాయో ముందుగా లెక్కపెట్టి వెళ్లండి. మూడో నియమం కింద మీ జిల్లాలో ఎంత ఖర్చు పెట్టారో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జవాబు సున్నా అని వస్తే, ఆ సున్నాను పట్టుకుని డివిజన్ కమిటీ ముందు నిలబడండి.

ఆ తొమ్మిది మంది ఇప్పటికీ ఆఖరి బస్సుకు ఎదురు వెళ్తూనే ఉన్నారు. పంచాయతీకి దీపాల కోసం ఈసారి రాతపూర్వకంగా అర్జీ పెట్టారు. అర్జీ రాసింది నా విద్యార్థి. అందులో ‘దయచేసి’ అన్న మాటను ఆమె తల్లి కొట్టివేయించి, ‘నియమం ప్రకారం’ అని రాయించింది.